అమ్మ రాగం తీయని మూడేళ్ళు

ఎస్తేరు అత్త వచ్చేదాకా నాయినను లేపొద్దన్నారు. ఆమె నల్లగొండలో నకిరేకల్ బస్సు ఎక్కిందని ఇప్పుడే ఫోన్ వచ్చింది, గంటలో వస్తుంది, నాయినకు ఒక్కగానొక్క చెల్లెలు, ఆమె చూడకుండా మట్టి ఎట్లా చేస్తామని మగవాళ్ళు బయట టెంటు కింద కుర్చీల్లో కూర్చున్నారు, గుంత తవ్వినవాళ్ళు కాళ్ళు కడుక్కొని వచ్చి వాళ్ళ పక్కనే కూర్చున్నారు. లోపల ఆడవాళ్ళం. గది మధ్యలో కిరాయికి తెచ్చిన ఐసు పెట్టె సన్నగా మూలుగుతోంది, దాని అద్దం మూత కింద నాయిన తెల్ల చొక్కాలో పడుకుని ఉన్నాడు, అద్దానికి చెమట పడితే పక్కింటి సావిత్రమ్మ కొంగుతో తుడుస్తోంది, తుడిచినప్పుడల్లా నాయిన ముఖం తేటగా కనబడి మళ్ళీ మసకబారుతోంది. పదకొండు గంటల ఎండకు పైన రేకులు కాలి గది ఉడుకుతోంది. తల దగ్గర అమ్మ కూర్చుంది, ఎడమ చేయి అద్దం మీద పెట్టి. ఆమె ఏడవడం లేదు. ఎవరూ గట్టిగా ఏడవడం లేదు. అందరూ అమ్మ నోటివైపు చూస్తున్నారు, ఆమె ఎత్తుకుంటే అందుకుందామని, ఎందుకంటే ముప్పై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఎవరు పోయినా ముందు రాగం తీసేది మా అమ్మ ఈదమ్మే. ఇప్పుడు తన మొగుడు పోయిన రోజున ఆమె నోరు తెరవడం లేదు. ఎందుకు తెరవడం లేదో ఈ గదిలో నాకు తెలుసు, నాయినకు తెలుసు, నాయిన అద్దం కింద ఉన్నాడు.

అమ్మ ఏడిస్తే పోయినవాళ్ళు కాసేపు లేచి వచ్చి మన మధ్య కూర్చున్నట్టు ఉండేది. బావులు తవ్వే హనుమంతు తాత పోయినప్పుడు ఆయన తవ్విన బావులన్నిటినీ ఒక్కొక్కటే పిలిచింది, ఏ బావిలో నీళ్ళు తీపి, ఏ బావిలో ఉప్పన, ఏ బావి నలభై గజాలు దిగినా నీళ్ళు పడక ఆయనే పూడ్చుకున్నాడు, అన్నీ రాగంలోనే, ఊపిరి ఎక్కడ తీసుకుంటుందో తెలియకుండా. బయట మగవాళ్ళు బీడీలు ఆర్పేసుకున్నారు. చర్చికి కొత్తగా వచ్చిన పాస్టరు గారికి ఇదంతా నచ్చక, ప్రభువు దగ్గరికి పోయినవాళ్ళ కోసం ఇంతగా శోకాలు పెట్టకూడదమ్మా అన్నారు. "పోయింది ప్రభువు తానకే అయ్యగారూ. ఇడిసిపెట్టి పోయింది మమ్ములను గద," అంది అమ్మ. నేనప్పుడు తొమ్మిదో తరగతి. గోడకు ఆనుకొని వింటూ ఒక సంగతి గమనించాను, అమ్మ ఒకరికి ఏడ్చిన మాట ఇంకొకరికి ఏడవదు. హనుమంతు తాత మాటలు హనుమంతు తాతవే, ఆయనతోనే గుంతలోకి పోయాయి. రాగం అదే ఉండేది, మాటలు మాత్రం ప్రతిసారీ కొత్తవి. గమనించాను కానీ అది ఎందుకో అడగలేదు. ఆరేళ్ళు పాత పాటల మీద పరిశోధన చేసిన దాన్ని, అడగవలసిన మొదటి ప్రశ్న నా ఇంట్లోనే అడగలేదు.

సావిత్రమ్మ మళ్ళీ అద్దం తుడిచింది. నాయిన చేతులు ఛాతీ మీద ఉన్నాయి. ఆ వేళ్ళ చివర్లు పగిలి, గోళ్ళ అంచులు పసుపు తిరిగి ఉంటాయి, నకిరేకల్ నిమ్మకాయల మార్కెట్లో ఇరవై ఆరేళ్ళు సంచులు మోసిన చేతులు. నేను హాస్టలు నుంచి వస్తే బస్టాండులో నా తల మీద చేయి పెట్టేవాడు, నిమ్మతొక్క వాసన నా జుట్టులో ఇంటిదాకా వచ్చేది. నాకు హైదరాబాదులో జర్మన్ ఎమ్మేలో సీటు వచ్చిందంటే, "గా భాష మాట్లాడెటోళ్ళు మన దిక్కు ఎవలన్న ఉన్నరా బిడ్డా?" అని అడిగాడు. లేరంటే, "మరి నువ్వు ఎవలతోని మాట్లాడుతవ్?" అన్నాడు. పుస్తకాలతో అన్నాను. తర్వాత పీహెచ్‌డీలో చేరితే మా బిడ్డ జర్మనీ డాక్టర్ చదువుతున్నదని మార్కెట్ అంతా చెప్పుకున్నాడు, ఒకాయన మోకాళ్ళ నొప్పికి మందు రాయించుకుందామని ఇంటికే వచ్చాడు, నాయిన ఆయన ముందు నన్ను తక్కువ చేయలేక, "ఇది వేరే డాక్టర్, లోపలి నొప్పులది," అన్నాడు. ఆ రోజు అందరం నవ్వాము. దశరథ్ అన్న ఎక్కువ నవ్వాడు.

దశరథ్ అన్న. పొద్దున బస్సు హైవే మీద ఆ మలుపు దగ్గరికి వచ్చినప్పుడు కళ్ళు మూసుకుందామనుకున్నాను, మూసుకోలేదు. రెండు వేల పదిహేడు, మే నెల, పట్టపగలు. అన్న కూడా నాయినతో పాటే మార్కెట్లో పనిచేసేవాడు. మధ్యాహ్నం తిండికి బండి మీద ఇంటికి వస్తూ, "మలుపు కాడున్న, వడ్డియ్యే అమ్మా," అని ఫోన్ చేశాడు. అమ్మ కుండలో గంటె ముంచి పట్టుకుంది. పక్క నుంచి లారీ. ఆ రోజు అమ్మ ఏడ్చిన ఏడుపు నేను మర్చిపోలేను, ఎవరూ మర్చిపోలేదు. ఆ ఏడుపులో ఒక వాక్యం ఉంది. గంటె ఉంది అందులో, గిన్నె ఉంది. అంతకంటే చెప్పను. మనసులో కూడా దాన్ని మొత్తం పలకడానికి నాకు ధైర్యం లేదు, సగం దగ్గర ఆపేస్తాను, మూడేళ్ళుగా సగం దగ్గరే ఆపేస్తున్నాను.

నేను పరిశోధన చేసింది ఒక కవయిత్రి మీద. ఇంకా బతికే ఉంది, జర్మనీలో ఒక నది పక్కన చిన్న ఊళ్ళో ఉంటుంది, అరవై దాటాయి. ఆమె కవితల్లో మామూలు సంగతులే ఉంటాయి, వాషింగ్ మిషను, లిఫ్టు, చనిపోయిన తల్లి అద్దె ఇల్లు ఖాళీ చేయడం. వాటి మధ్యలో హఠాత్తుగా ఎనిమిది వందల ఏళ్ళ నాటి పంక్తి ఒకటి వస్తుంది, పాత జర్మన్‌లో, పాత అక్షర క్రమంలో. తెల్లవారిందని కావలివాడు కూత పెడితే విడిపోయే జంటల పాటలోంచి ఒకటి, మఠంలో ఎవరో సన్యాసి లెక్కల పుస్తకం అంచున గీకిపెట్టిన ఆడమనిషి పాటలోంచి ఒకటి. కొటేషన్ గుర్తులు పెట్టదు. ఇది నాది, ఇది వాళ్ళది అని గీత గీయదు. ఇప్పటి జర్మన్ వాళ్ళకే ఆ పంక్తి సగం అర్థమవుతుంది, సగం కాదు, ముసలివాళ్ళు నిద్రలో మాట్లాడినట్టు ఉంటుంది. గుర్తులు తీసేయడం వల్ల చచ్చిపోయిన గొంతు బతికున్న గొంతులో ఊపిరి పోసుకుంటుందని నా థీసిస్‌లో నలభై పేజీలు రాశాను. మా ప్రొఫెసరు ఆ నలభై పేజీలు బాగున్నాయన్నారు. కానీ ఆమె పుస్తకం వెనక ఒక్కో పంక్తికి ఒక్కో సూచిక ఉంటుంది, ఏ మఠం, ఏ రాతప్రతి, ఎన్నో ఆకు, ఆ పాట కట్టిన మనిషి పేరు తెలియదు అని కూడా. పేరు తెలియని ప్రతిచోటా 'తెలియదు' అని విడివిడిగా రాస్తుంది, పదిహేడు సార్లు. అది నేను గమనించి దాని మీద కూడా ఒక పేరా రాశాను. రాసిన చేయి ఇదే.

ఆ పుస్తకాన్ని తెలుగు చేస్తున్నప్పుడు, తల్లి ఇల్లు ఖాళీ చేసే కవిత దగ్గర ఆగిపోయాను. వంటింట్లో డబ్బాలు సర్దుతుంటే మధ్యలో ఆ సన్యాసి గీకిపెట్టిన పాత పంక్తి వస్తుంది. అక్షరాలా అయితే, చెంచా నిండుగా ఉంది, నోరు లేదు. రెండు నెలలు దాని చుట్టూ తిరిగాను. గ్రాంథికంలో పెడితే పద్యం పుస్తకంలో మాటలా బిగుసుకుపోయింది. మామూలు తెలుగులో పెడితే పాతదని తెలియలేదు. కవయిత్రికి ఈమెయిల్ రాస్తే, మీ భాషలో చదవడం రాని ఆడవాళ్ళు ఎట్లా ఏడుస్తారో అట్లా రాయండి అని జవాబు వచ్చింది. అది చదివి తల ఎత్తగానే అమ్మ వాక్యం వచ్చి నిలబడింది, గంటె, గిన్నె. ఒక్క అక్షరం మార్చకుండా దించేశాను. దించిన తర్వాత ఏడ్చాను కూడా, అన్న గుర్తొచ్చి, ఆ ఏడుపును చూసి నేను చేసింది సరైనదేనని నమ్మాను. తర్వాత ఇంకో రెండు చోట్ల కూడా అన్న శోకంలోంచే తీసుకున్నాను. అమ్మకు ఫోన్ చేసి అడిగితే ఎంతసేపు పట్టేది. ఆమె ఆ సమయానికి నాటు వేసి వచ్చి వాకిట్లో కూర్చుని ఉంటుంది. పుస్తకం వెనక నలభై రెండు సూచికలు రాశాను, మఠాలు, రాతప్రతులు, ఆకులు. అమ్మ పేరు రాయలేదు. మరిచిపోయానని చాలా రోజులు చెప్పుకున్నాను. మరిచిపోలేదు. ఈదమ్మ అని రాస్తే ఎవరా ఈదమ్మ అంటారు, ఏ వాడ అంటారు, జర్మన్ కవిత పక్కన మా వాడ ఎందుకని ఒక చిన్న సిగ్గు. అది కూడా కాకపోవచ్చు. ఆ వాక్యం నాదని ఎవరైనా అనుకుంటే బాగుండునని ఒక చిన్న ఆశ.

హైదరాబాదులో పుస్తకం ఆవిష్కరణ రోజున ఒక పెద్దాయన ఆ మూడు చోట్లనే చదివి, మన అజ్ఞాత జానపదుల గొంతును అనువాదకురాలు ఎంత గొప్పగా వాడుకుందో చూడండి అన్నాడు. అజ్ఞాత. చప్పట్లు కొట్టారు. నేను మైకు దగ్గర కూర్చుని ఉన్నాను, నా ముందు నీళ్ళ సీసా ఉంది, చేయి చాస్తే మైకు అందుతుంది. ఆమె అజ్ఞాత కాదండీ, మా అమ్మ, నకిరేకల్ పక్కన ఉంటుంది అనడానికి ఒక్క ఊపిరి చాలు. నేను తల ఊపాను.

"ఏడ్వు ఈదమ్మా," సావిత్రమ్మ మెల్లగా అంటోంది, "లోపల్నే పెట్టుకుంటే పానం ఖరాబైతది." అమ్మ వేలితో అద్దం మీద, నాయిన నుదుటి దగ్గర, ఏదో దుమ్ము ఉన్నట్టు గీకుతోంది. సావిత్రమ్మకు తెలియదు. రెండేళ్ళ కింద ఆమె మొగుడు పోయినప్పుడు అమ్మ వెళ్ళి నోటికి కొంగు అడ్డం పెట్టుకొని మూలకు కూర్చుంది, అప్పట్నుంచి ఈ ఊళ్ళో ఐదుగురు పోయారు, ఐదుగురినీ సప్పుడు లేకుండా సాగనంపారు. ఈదమ్మకు పొగరు పెరిగిందన్నవాళ్ళున్నారు, బిడ్డ పెద్ద చదువు చదివిందని ఇప్పుడు ఏడవడానికి నామోషీ అన్నవాళ్ళున్నారు. అమ్మ ఎవరికీ ఏమీ చెప్పలేదు. నన్ను కాపాడుకుంది.

ఆమెకు తెలిసింది రాంచందర్ సారు వల్ల. మా బడి హెడ్మాస్టరు, మంచివాడు, నా పుస్తకం కొనుక్కొచ్చి ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి ముందర అందరినీ కూర్చోబెట్టి నాకు శాలువా కప్పించి, మన గ్లోరీ రాసింది వినండి అని గట్టిగా చదివాడు. నాయిన ఇస్త్రీ చొక్కా వేసుకొని ముందు వరసలో. అమ్మ ఆడవాళ్ళ మధ్య. సారు ఆ కవిత తీశాడు. వాషింగ్ మిషను, డబ్బాలు, అందరూ అర్థం కాకున్నా మర్యాదగా వింటున్నారు, ఇంతలో గంటె వచ్చింది. ఆడవాళ్ళందరూ ఒక్కసారి తలలు తిప్పి అమ్మను చూశారు. అన్న సావుకు వచ్చినవాళ్ళే అందరూ. అమ్మ లేచి వెళ్ళిపోయింది. కొడుకు గుర్తొచ్చి ఉంటాడని వాళ్ళనుకున్నారు.

ఇంటికి పోయేసరికి అమ్మ గడప మీద కూర్చుంది. "గది నా దశరథ్‌ది గద?" అంది. అవునన్నాను. "మరి ఎవల నోట్ల వెట్టినవ్?" నేను చెప్పడం మొదలుపెట్టాను, విద్యార్థులకు చెప్పినట్టు. అమ్మా, ఎనిమిది వందల ఏండ్ల కింద ఒక ఆడామె కొడుకు కోసం ఇట్లనే ఏడ్చింది, ఆమె పేరు ఎవలకు తెల్వదు, గామె ఏడుపు, నీ ఏడుపు ఒక్కటే. అమ్మ ఓపికగా అంతా విన్నది. "ఆమె కొడుకును ఆమె ఏడ్చుకున్నది," అంది. "నా కొడుకును నేను ఏడ్చుకున్న. ఒక్కటెట్లయితది? వాడు ఇనాలెనని ఏడ్చిన నేను. నిన్ను రాసుకొమ్మని గాదు." తర్వాత లోపలికి పోయి బియ్యం కడిగింది. నాకు అన్నం పెట్టింది. ఆ రోజు తర్వాత కోపంగా ఒక్క మాట అనలేదు, అనుంటే బాగుండేది, అంటే నేను కూడా ఏదో ఒకటి అని, ఏడ్చి, కాళ్ళు పట్టుకొని, ఏదో ఒకటి అయ్యేది.

నాయిన ఫోన్ చేసేవాడు. మార్కెట్ నుంచి, లారీల చప్పుళ్ళ మధ్య, అమ్మ వినకుండా. "మీ అమ్మ ఏడుస్తలేదు బిడ్డా. గది మంచిగ లేదు. నువ్వొచ్చి ఒక మాట మాట్లాడరాదు?" థీసిస్ ఇచ్చేసి వస్తాను నాయినా అన్నాను. రెండో ముద్రణ వస్తే వెనక సూచికల్లో అమ్మ పేరు వేయించాను, ఈ మూడు పంక్తులూ మా అమ్మ ఈదమ్మవి, మా అన్న దశరథ్ కోసం ఏడ్చినవి అని. పుస్తకం పోస్టులో పంపాను. తీసుకొని నేనే రావచ్చు, రెండున్నర గంటల దారి. నాయిన ఆ పేజీ చదివి వినిపించాడట, నాలుగో తరగతి చదువు, అక్షరాలు కూడబలుక్కుంటూ. అమ్మ ఏమన్నదని అడిగాను. "పేరు రాసింది మంచిదే గని, మాట వాపస్ వస్తదా అన్నది బిడ్డా." ఆ తర్వాత, "నువ్వు రా, నేను మధ్యల కూసుంట," అన్నాడు. మొన్న పదిహేనో తారీఖున థీసిస్ ఇచ్చాను. ఆదివారం వస్తున్నానని చెప్పాను. ఇవాళ గురువారం. తెల్లవారి ఐదింటికి, మార్కెట్‌కు పోదామని చెప్పులు వేసుకుంటూ గోడకు ఒరిగిపోయాడట.

మధ్యలో కూర్చుంటానన్నాడు. ఇప్పుడు ఆయన అమ్మకూ నాకూ మధ్యలోనే ఉన్నాడు. అమ్మ తల దగ్గర, నేను కాళ్ళ దగ్గర. పొద్దున నేను వచ్చి మీద పడి ఏడిస్తే అమ్మ నా వీపు మీద చేయి వేసింది, నిమిరింది, నీళ్ళు తాగుమన్నది. నన్ను దూరం పెట్టలేదు. నా బుర్ర మాత్రం ఈ ఉక్కలో కూడా ఊరుకోవడం లేదు, అమ్మ ఇప్పుడు ఎత్తుకుంటే ఏమంటుంది, నిమ్మకాయలు వస్తాయా, చెప్పులు వస్తాయా, మార్కెట్ గేటు వస్తుందా అని వెతుకుతోంది. సిగ్గుతో చచ్చిపోతున్నాను, అయినా వెతుకుతోంది. నాయిన చచ్చిపోయి ఏడు గంటలు కాలేదు. బతికున్న మనిషి నోటి నుంచి ఇంకా పుట్టని మాట కోసం రాతప్రతి అంచులు వెతికినట్టు వెతుకుతున్నాను. నా పుస్తకాల్లోని ఆ సన్యాసి కూడా ఇంతేనా, తన లెక్కలు తాను చూసుకుంటూ గోడ అవతల ఎవరో తల్లి ఏడుస్తుంటే చెవి పెట్టి, పంక్తి బాగుందని అంచున గీక్కున్నాడా, ఆ తల్లికి ఎప్పుడైనా తెలిసిందా, తెలిసి నోరు మూసుకుందా. నలభై పేజీల్లో ఈ ప్రశ్న నాకు రాలేదు.

బయట కుర్చీలు జరిగిన చప్పుడు. ఆటో ఆగింది. "అన్నా," అని కేక, ఎస్తేరు అత్త, టెంటు గుంజ పట్టుకొని ఒక క్షణం నిలబడి, చెప్పులు విడవకుండానే లోపలికి వచ్చి పెట్టె మీద పడిపోయింది. ఆడవాళ్ళంతా ఒక్కసారి కదిలారు, వెక్కిళ్ళు లేచాయి. అత్త తల ఎత్తి అమ్మ మెడ పట్టుకుంది. ఇప్పుడు అమ్మ ఎత్తుకోవాలి, ఆడబిడ్డ భుజం మీద తల పెట్టి. అత్త కాచుకుంది. గది మొత్తం కాచుకుంది. అమ్మ గొంతులో ఏదో కదిలింది, నేను చూశాను, మెడ నరం ఉబ్బింది, పెదవులు విడిపడ్డాయి. మళ్ళీ మూసుకున్నాయి.

"వదినా, గిదేందే," అత్త అమ్మ భుజాలు పట్టి ఊపింది. "ఊరందరికి ఏడ్చినవ్. మా అన్నను సప్పుడు లేకుంట తోలుతవా?"

అమ్మ అద్దం మీద నుంచి చేయి తీసింది. పొద్దుటి నుంచి మొదటిసారి సూటిగా నా వైపు చూసింది.

"బిడ్డా గ్లోరీ, నువ్వు జర బయటికి పో."

నాకు అర్థం కాలేదు. అత్తకూ అర్థం కాలేదు, "దాని నాయినె గదనే, అదెందుకు పోతది?" అంది.

"నువ్వుంటే నాకు రాదు," అంది అమ్మ, నాకే చెబుతూ. "నోటి దాంక వస్తాంది. నిన్ను జూడంగనే లోపలికి పోతాంది."

"అమ్మా, నేను రాయను. ఒట్టు. ఎన్నడూ ఏదీ రాయను."

"రాయవని నాకెర్కే. గని ఇంటవు. ఇన్నది యాడికి పోతది నీకు?" అమ్మ గొంతులో కోపం లేదు. జ్వరం వచ్చినప్పుడు ఇంత గంజి తాగమన్నట్టు ఉంది. "మీ నాయినకు చెప్పెటియి ఉన్నయి బిడ్డా. ఆయినకే చెప్పాలె. పో, మా తల్లి గద."

లేచాను. ఆడవాళ్ళు మోకాళ్ళు పక్కకు తీసి దారి ఇచ్చారు, ఎవరూ నా ముఖం చూడలేదు. నాయిన అద్దం అప్పుడే మసకబారి ఉంది, ఆగి తుడుద్దామనుకొని ఆగలేదు. టెంటు కింద మగవాళ్ళు మాటలు ఆపారు. రాంచందర్ సారు లేచి, నీళ్ళు కావాలా అమ్మా అన్నాడు, పాపం ఆయనకు ఏమీ తెలియదు. నేను ఆయన్ను దాటి రెండడుగులు వేశానో లేదో వెనక అమ్మ రాగం లేచింది.

మూడేళ్ళ తర్వాత. గొంతు బొంగురుపోయి ఉంది, మొదట తడబడింది, తర్వాత ఒక్కసారి తెగి బయటపడింది, ఆడవాళ్ళంతా అందుకున్నారు. టెంటు కింద ఒకాయన తువ్వాల తీసి ముఖం కప్పుకున్నాడు. మొదటి మాట నాకు వినపడింది. నా కాళ్ళు ఆగిపోయాయి. ఆ మాట తర్వాత ఏం వస్తుందోనని నా ఒళ్ళంతా చెవి అయింది, ఇన్నేళ్ళు నేను నేర్చుకున్నది అదొక్కటే, వినడం, విన్నదాన్ని పట్టుకోవడం. అప్పుడు నడవడం మొదలుపెట్టాను. నీళ్ళ ట్యాంకు దాకా వచ్చాను, ఇంకో మాట వినపడింది, నాయిన మాటే, ఆయన ఎప్పుడూ అనే మాట. ఇంకా ముందుకు పోయాను. చర్చి గోడ దాటాను. అక్కడికీ ఒక తునక వచ్చింది. మాట తెలిసిన ప్రతిసారీ పది అడుగులు వేస్తూ, ఎవరిదో పత్తి చేను గట్టు మీదుగా పోయి, ఒక చోట నిలబడితే ఇక మాటలు లేవు, రాగం ఒక్కటే గాలికి వస్తోంది, లేస్తోంది, పడుతోంది. అక్కడ కూర్చున్నాను. పత్తి చెట్ల మధ్య నేల కాలుతోంది. నాకు కూడా నాయినకు చెప్పవలసినవి ఉన్నాయి. ఆదివారం చెబుదామనుకున్నవి. నోరు తెరిస్తే రాగం రాలేదు, నాకు రాదు, అమ్మ నేర్పలేదు, నేను నేర్చుకోలేదు. ఆదివారం వస్తనంటి గద నాయినా అని మామూలు గొంతుతోనే అన్నాను. తర్వాత ఏడ్చాను, మాటలు లేకుండా.

చాలాసేపటికి రాగం ఆగింది. గట్టు మీద ఎస్తేరు అత్త వస్తోంది, చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకొని, ఎండకు కళ్ళు చికిలించి నన్ను వెతుక్కుంటూ. నన్ను చూసి నిలబడింది. ఆమె కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"దా బిడ్డా. లేపుతున్నరు."

"అమ్మ?"

"ఏడ్చింది," అంది అత్త. "మంచిగ ఏడ్చింది. ఇంకొక్క మాట గుడ లోపల మిగల్లే."

ఏమని ఏడ్చిందో నేను అడగలేదు. అత్త చెప్పలేదు. ఆమె చేయి పట్టుకొని గట్టు దిగాను.